బ్యాచిలర్ పార్టీకి ఎనిమిది మంది చాలు

పెళ్లికి ముందు స్నేహితులంతా కలిసి థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌కో పట్టాయాకో పోయి రావడం కర్నూలు, అనంతపురం, కడప కుర్రాళ్లకు ఇప్పుడు వింతేమీ కాదు. ఇంట్లో పెద్దవాళ్లు డబ్బు దండగ అంటారు, ఆ ఊర్లకే ఎందుకు పోవాలని దీర్ఘాలు తీస్తారు. ఆ పంచాయితీలోకి నేను దిగను. పోదల్చుకున్నవాళ్లు ఎట్లయినా పోతారు. నాకున్న ఫిర్యాదల్లా ఒకటే. ఇలాంటి ప్రయాణాల్లో చాలావాటిని మన మొహమాటమే చెడగొడుతుంది, అదీ ఊరు దాటకముందే. 'వస్తానంటున్నాడు, వద్దని ఎట్లా చెప్పేది?' 'డబ్బు అడిగితే ఏమనుకుంటాడో.' 'పాస్‌పోర్టు ఉందంటున్నాడులే.' ఈ మూడు మాటలు వినబడిన గ్రూపులో గొడవ ఖాయం. ఎప్పుడు బయటపడుతుందన్నదే తేలాలి.

ముందు మనుషుల లెక్క. వాట్సాప్ గ్రూపు పదహారు మందితో మొదలవుతుంది. ఎయిర్‌లైన్ సైట్లలో ఒక బుకింగ్‌లో సాధారణంగా తొమ్మిది మందికి మించి పట్టరు. అంతకు మించితే గ్రూప్ డెస్క్‌కు పోవాలి, లేదా రెండు ముక్కలుగా కొనాలి. రెండు పీఎన్ఆర్‌లయితే, విమానం వేళ మారినప్పుడు సగం మందిని ఒక విమానంలో, మిగతా సగాన్ని మరుసటి రోజు విమానంలో సర్దే ప్రమాదం ఉంది. ధర సంగతి కూడా చాలామందికి తెలియదు. తక్కువ ధర సీట్లు మూడే మిగిలి ఉన్నప్పుడు ఎనిమిది మందికి కలిపి వెతికితే, సిస్టమ్ ఎనిమిది మందికీ పై ధరే చూపిస్తుంది. అందుకే ముందు ఒక్కరికి, తర్వాత ముగ్గురికి, ఆ తర్వాత అందరికీ వెతికి చూడాలి. తేడా తలా రెండు మూడు వేలుంటే ముక్కలుగా కొనడం లాభమే, కాకపోతే పైన చెప్పిన ప్రమాదాన్ని ఒప్పుకుని కొనాలి.

అక్కడ దిగాక ఎయిర్‌పోర్టు నుంచి హోటల్‌కు తీసుకెళ్లే వ్యానులో సీట్లు పది దాకా ఉంటాయి. పెట్టెలు పెట్టే చోటు మాత్రం ఉండదు. ఎనిమిది మంది, ఎనిమిది పెట్టెలు ఎక్కితే వ్యాను నిండినట్టే. గదులు ఇద్దరికొకటి కాబట్టి బేసి సంఖ్య వస్తే ఒకడు గది అద్దె మొత్తం ఒంటరిగా మోయాలి. ఇక పది మంది దాటితే ఏ హోటల్ ముందు నిలబడినా 'ఇక్కడ తిందామా, ఇంకోచోట తిందామా' అని అరగంట. ఆరుగురు బాగు, ఎనిమిది మంది హద్దు. తొమ్మిదోవాడు ఎంత ప్రాణమిత్రుడైనా సరే, ఊర్లో విందుకు పిలవండి.

తేదీ దగ్గర మనవాళ్లకు ప్రత్యేకమైన గుంట ఒకటుంది. శ్రావణంలో ముహూర్తం పెడతారు, ఆషాఢంలో శుభకార్యాలు ఉండవు కాబట్టి అందరికీ తీరిక, కనుక ఆషాఢంలోనే పార్టీ అంటారు. అప్పుడు ఫుకెట్, క్రాబీ హోటళ్లు చవగ్గా దొరుకుతాయి కూడా. చవక ఎందుకంటే మే నుంచి అక్టోబర్ దాకా అండమాన్ సముద్రం వైపు నైరుతి గాలి, వాన, ఎత్తైన అలలు. బీచ్‌లలో ఎర్రజెండాలు పాతేస్తారు, దీవులకు పోయే పడవలు ఉదయం దాకా ఊరించి రద్దవుతాయి. 2018 జూలై 5న ఫుకెట్ దగ్గర ఫీనిక్స్ అనే పర్యాటకుల పడవ మునిగి 47 మంది చనిపోయింది ఈ వాన రోజుల్లోనే. ఈత రాని మన మెట్టప్రాంతం కుర్రాడు ఎర్రజెండా ఉన్నచోట మోకాలి లోతు నీళ్లలో నిలబడినా, వెనక్కి లాగే ప్రవాహం కాళ్ల కింద ఇసుకను తీసేస్తుంది. ఆషాఢంలోనే పోవాలనుకుంటే తూర్పు వైపు సముయ్ దీవి నయం, అక్కడ పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. మాఘ, ఫాల్గుణాల పెళ్లిళ్లవాళ్లకు ఈ తలనొప్పి లేదు, ఫుకెట్‌కు జనవరి బంగారం లాంటి నెల. ఆ బంగారానికి తగ్గట్టే హోటల్ ధరలూ ఉంటాయి.

పెళ్లికి, ప్రయాణానికి మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలి. పెళ్లికొడుకును చేశాక పొలిమేర దాటనివ్వరనే ఆచారం మన దగ్గర ఉంది కదా, దాన్ని ఇంకొంచెం వెనక్కి జరిపి పాటించమంటాను. శుభలేఖలు చేతికిచ్చి పిలవాల్సిన బంధువులు, ధర్మవరంలో పట్టు, ప్రొద్దుటూరులో బంగారం, వంటవాళ్ల అడ్వాన్సు, ఇవన్నీ ఆఖరి నెలలోనే మీద పడతాయి. పైగా ఎండకు కమిలిన ముక్కు, భుజాలు పొట్టు రాలి మామూలు రంగుకు రావడానికి రెండు వారాలు పట్టొచ్చు. పగడపు రాయి గీసుకుని చీము పట్టిన పాదంతో ఏడడుగులు నడవడం ఫోటోల్లో బాగుండదు.

ఇప్పుడు అసలు చిక్కు, పాస్‌పోర్టు. పాస్‌పోర్టు ఉందా అని అడిగితే చాలదు. మొదటి పేజీ ఫోటో అందరి దగ్గరా తెప్పించుకుని ఒకడు కూర్చుని చదవాలి. మొదట చూడాల్సింది గడువు, ప్రయాణం నాటికి ఆరు నెలలైనా మిగిలి ఉండాలి. తడిసి ఉబ్బిన పాస్‌పోర్టు, అట్ట ఊడినది, పేజీ చిరిగినది కౌంటర్‌లో తిప్పికొడతారు. తర్వాత పేరు. మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఒక్కోసారి ఖాళీగా ఉండి, పేరంతా రెండో గడిలో ఉంటుంది. టికెట్ కొనేవాడు ఫోన్‌లో సేవ్ చేసుకున్న పేరే కొట్టేస్తాడు. అక్కడే దెబ్బతింటారు. పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే రెండు వరుసలుంటాయి. పైవరుసలో దేశం అక్షరాల తర్వాత వచ్చేది ఇంటిపేరు, ఆపై జంటగా ఉన్న బాణం గుర్తుల తర్వాత వచ్చేది పేరు. టికెట్‌కు అదే కొలత. ఇంటిపేరు గడి ఖాళీ అయితే, పేరునే రెండు గడుల్లో కొట్టమని ఒక ఎయిర్‌లైన్ అంటుంది, ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పెట్టమని ఇంకోటి అంటుంది. కొనబోయే ఎయిర్‌లైన్ సైటులో చూశాకే కొనాలి. ఒకటి రెండు అక్షరాల తప్పు చాలావరకు దిద్దుతారు. పేరే మారితే విడి టికెట్లలో మార్చరు, రద్దు చేసి మళ్లీ కొనాల్సిందే.

దుబాయ్ పోదామనుకునేవాళ్లకు ఇది ఇంకా గట్టి దెబ్బ. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్లను టూరిస్ట్, విజిట్ వీసాల మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబర్ 21 నుంచి నిబంధన పెట్టింది. చివరి పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే ఒప్పుకుంటామని తర్వాత సడలించారు. ఎనిమిది మందిలో ఒకడికి ఇలా ఉన్నా గమ్యం మార్చుకోవడమే తేలిక.

రాజంపేట, రాయచోటి వైపు వాళ్లకు ఇంకో మాట. కువైట్ పోయొచ్చిన ఇళ్లలో ఈసీఆర్ ముద్ర ఉన్న పాస్‌పోర్టులు మామూలే, కొన్ని దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే ముందు ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోవాలని దానర్థం. పది పాసైన రుజువు ఇవ్వకుండా తీసుకుంటే ఈ ముద్ర పడుతుంది. గల్ఫ్ దేశాలతో పాటు థాయ్‌లాండ్, మలేసియా, ఇండోనేసియా కూడా ఆ దేశాల జాబితాలో ఉన్నాయి. ఉద్యోగానికి కాకుండా చూసి రావడానికి పోతుంటే ఎమిగ్రేషన్ అనుమతి అక్కర్లేదు. కానీ తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ కాగితాలు చేతిలో లేకపోతే శంషాబాద్ ఎయిర్‌పోర్టులోనో బెంగళూరు దేవనహళ్లి ఎయిర్‌పోర్టులోనో పక్కకు నిలబెడతారు. అధికారుల అనుమానానికీ కారణం ఉంది. థాయ్ సరిహద్దు అవతల మయన్మార్ సైబర్ మోసాల డెన్‌లలో ఇరుక్కున్న వందల మంది భారతీయులను 2025 మార్చిలో థాయ్ సరిహద్దు ఊరు మే సోట్ నుంచి వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు. అలా ఇరుక్కున్నవాళ్లలో చాలామంది మొదట టూరిస్టులుగా బ్యాంకాక్‌లో దిగినవాళ్లే.

ఆ కౌంటర్ ముందు మనవాళ్ల తంతు ఎట్లుంటుందో చూడండి. 'ఎన్ని రోజులు?' ఒకడు నాలుగంటాడు, వెనకవాడు ఐదంటాడు. 'హోటల్ పేరు?' 'వాడికి తెలుసు సార్' అని లైన్‌లో ముందుకెళ్లిపోయినవాణ్ణి చూపిస్తాడు. 'డబ్బు?' 'వాడి దగ్గరే ఉంది.' ఇలాంటి జవాబులు చెప్పినవాణ్ణి ఎవరైనా ఆపుతారు. టికెట్, హోటల్ వోచర్, ఇన్సూరెన్స్ ప్రతి ఒక్కడి ఫోన్‌లోనూ ఉండాలి, ఒక సెట్ కాగితం మీద కూడా. థాయ్‌లాండ్‌లో దిగాక మనిషికి 20 వేల బాత్‌ల ఖర్చు డబ్బు చూపించమని అడిగే హక్కు అక్కడి అధికారికి ఉంది. మన డబ్బులో అది 50 వేల పైమాటే. అడగడం అరుదు, అడిగినప్పుడు 'ఫ్రెండ్ దగ్గర ఉంది' అంటే చెల్లదు.

వీసా సంగతి చిన్నది. 2024 జూలై నుంచి థాయ్‌లాండ్ మనవాళ్లను వీసా లేకుండా 60 రోజులు ఉండనిచ్చింది. ఈ గడువులు ఎప్పుడైనా మారుతాయి, కొనే రోజున ఎంబసీ సైటు చూడండి. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి, దిగే రోజుకు ముందు మూడు రోజుల లోపు నింపాలి. అది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే సైటు వచ్చిందంటే అది ప్రభుత్వానిది కాదు, చిరునామాలో 'గో డాట్ టీహెచ్' ఉందో లేదో చూసుకోండి.

డబ్బు వ్యవహారం చీటీ నడిపినట్టు నడవాలి. ఫలానా తేదీకి కట్టనివాడికి పాట లేదు, అంతే. టికెట్ కొనే రోజుకు టికెట్ డబ్బు, నెల ముందు హోటల్ డబ్బు, వారం ముందు అక్కడి ఖర్చుకు ఉమ్మడి నిధి. ఈ మూడు వాయిదాలూ పెళ్లికొడుకు కాని ఒకడి ఖాతాలో పడాలి. 'ఏమప్పా, ఎప్పుడేస్తావు డబ్బు?' అని నిర్మొహమాటంగా అడగగలిగినవాణ్ణే ఆ పనికి పెట్టాలి. మంచివాడని పేరున్నవాడు పనికిరాడు.

పెళ్లికొడుకు ఖర్చు మిగతావాళ్లు పెట్టుకోవడం మర్యాద. దాని లెక్క మొదటి రోజే చెప్పాలి. మనిషికి 60 వేలు అనుకుంటే ఎనిమిది మందికి 4 లక్షల 80 వేలు. ఏడుగురు పంచుకుంటే తలా 68,571. ఆఖరి వారంలో ఒకడు 'మా మేనేజర్ సెలవు ఇవ్వలేదు మామా' అన్నాడంటే, వాడి వాటా వదిలేస్తే మిగిలిన ఆరుగురికి తలా 80 వేలు. స్నేహాలు చెడేది ఈ 11 వేల దగ్గర. అందుకే తప్పుకున్నవాడికి వెనక్కి వచ్చేది ఎయిర్‌లైన్, హోటల్ తిరిగిచ్చినంతే, మిగతాది పోయినట్టే అని గ్రూపులో రాసి, అందరి చేతా 'సరే' అనిపించుకున్నాకే టికెట్ కొనాలి. హోటల్‌కు ఉచితంగా రద్దు చేసుకునే బుకింగ్ తీసుకోవడం మేలు. చవక బుకింగ్ మిగిల్చేది కొంచెం, పోగొట్టేది మొత్తం.

ఒకడి పేరు మీదే టూర్ ప్యాకేజీ మొత్తం కొంటే ఇంకో తిరకాసు. విదేశీ ప్యాకేజీల మీద టీసీఎస్ (అమ్మేవాడే ముందుగా పట్టుకునే ఆదాయపన్ను) వసూలు చేస్తారు, అది కట్టినవాడి పాన్ మీద పడుతుంది. 2023 అక్టోబర్‌లో 7 లక్షలు దాటితే 20 శాతం అన్నారు, 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దును 10 లక్షలు చేశారు. బడ్జెట్ వచ్చినప్పుడల్లా ఈ అంకెలు మారుతున్నాయి కాబట్టి కొనేనాటి రేటు అడగండి. ఆ సొమ్ము రిటర్ను వేసినప్పుడు తిరిగి రాబట్టుకోవచ్చు. కానీ ఎనిమిది మంది ఖర్చూ ఒకడి ఖాతాలో వాడి ఖర్చుగా కనబడుతుంది. ఎవడి పాన్ మీద వాడు బిల్లు తీసుకోవడం శుభ్రమైన పద్ధతి.

ఊర్లో తెలిసిన ఏజెంట్ వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపాడని ఊరుకోకండి. అందులోని పీఎన్ఆర్‌ను ఎయిర్‌లైన్ సైటులో కొట్టి, కన్ఫర్మ్ అయిందా, బాకీ ఏమైనా ఉందా చూడండి. డబ్బు కట్టకుండా హోల్డ్‌లో పెట్టిన టికెట్‌కూ పీఎన్ఆర్ ఉంటుంది, రెండు రోజుల తర్వాత దానంతటది చచ్చిపోతుంది. హోటల్‌కు మీరే మెయిల్ రాసి, ఫలానా పేరున నాలుగు గదులు ఉన్నాయా అని అడగండి. తెలిసినవాణ్ణి అనుమానించినట్టు ఉంటుందనుకోవడం కూడా మొహమాటమే.

అక్కడ కార్డు గీకేటప్పుడు మెషీన్ 'రూపాయల్లోనా, బాత్‌లలోనా' అని అడుగుతుంది. బాత్‌లు నొక్కాలి, రూపాయలు నొక్కితే వాళ్ల మారకం రేటు అంటగడతారు. ఏటీఎంలో విదేశీ కార్డుకు ఒక్కో విత్‌డ్రాకు 220 బాత్‌లు, ఆ పైన కూడా పీకుతారు. ఐదు సార్లు చిన్నగా తీసేకంటే ఒకసారి పెద్దగా తీయడం నయం. ఓటీపీ రావాలంటే మన సిమ్‌కు రోమింగ్ ఆన్‌లో ఉండాలి, అది ఇక్కడ ఉండగానే చేయించుకోవాలి.

ఇక బయల్దేరే రోజు. ఓర్వకల్లు, కడప ఎయిర్‌పోర్టుల నుంచి విదేశీ విమానాలు లేవు. కర్నూలు వాళ్లకు శంషాబాద్, అనంతపురం వాళ్లకు దేవనహళ్లి, కడప వాళ్లకు చెన్నై లేదా బెంగళూరు. అర్ధరాత్రి విమానాల దగ్గర జరిగే పొరపాటు ఒకటుంది. టికెట్‌లో 12వ తేదీ 00:40 అని ఉంటే 11 రాత్రే అక్కడ ఉండాలి. 12 రాత్రి బయల్దేరదామని తీరిగ్గా సర్దుకునేవాళ్లు నిజంగానే ఉంటారు. మూడు గంటల ముందు చేరాలి కాబట్టి అనంతపురంలో 11 సాయంత్రం ఆరింటికి బండి కదలాలి. బండిని అద్దె డ్రైవర్ నడపాలి. దారిలో మందు మొదలుపెట్టకూడదు. తూలుతున్నవాణ్ణి విమానం ఎక్కించుకోకుండా ఆపే అధికారం ఎయిర్‌లైన్‌కు ఉంది. గొడవ చేస్తే 2017లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ తెచ్చిన నిబంధనల కింద మొదటి మెట్టుకే మూడు నెలల దాకా విమానం ఎక్కకుండా నిషేధం పడొచ్చు.

పచ్చళ్లు పెట్టెలో పెట్టి చెకిన్‌కు ఇచ్చేయండి, చేతిసంచిలో నూనె ఉన్న ఆవకాయ సెక్యూరిటీ దాటదు. ఎండుకొబ్బరి గిటకలు పెట్టెలో దొరికినా తీసేయిస్తారు, నూనె ఎక్కువై తనంతట తానే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో అది ఉంది. పవర్‌బ్యాంక్ మాత్రం చేతిసంచిలోనే. నాటుకోడి పచ్చడి ఇంట్లోనే తినేసి పోండి, మాంసం సరుకులు తెచ్చుకోవడంపై థాయ్‌లాండ్ ఆంక్షలు ఉన్నాయి. శాకాహారి ఒక్కడున్నా చేపల సాస్ గురించి ముందే చెప్పండి, కూరగాయల వేపుడులోనూ అది పడుతుంది.

అక్కడికి పోయాక తేడాలు ఎక్కువగా జెట్‌స్కీ దగ్గర, స్కూటర్ దగ్గర వస్తాయి. జెట్‌స్కీ తిరిగిచ్చాక దాన్ని ఒడ్డుకు లాగి, పక్కకు వంచి, అడుగున గీత చూపించి పదుల వేల బాత్‌లు నష్టపరిహారం అడిగే మోసం అక్కడ పాతది. ఆ గీత పాతదే. నీళ్లలో ఉన్న బండి అడుగు ఎక్కేటప్పుడు ఎవడూ చూడడు, వాళ్లకు కావాల్సిందీ అదే. ఎక్కేముందే దాన్ని ఒడ్డుకు లాగించి చుట్టూ, అడుగున వీడియో తీయాలి, తీస్తున్నట్టు వాడికి కనబడాలి. ఒప్పుకోకపోతే ఆ బండి వద్దు. బెదిరిస్తే టూరిస్ట్ పోలీసు నంబరు 1155. ఏ బండికీ పాస్‌పోర్టు తాకట్టు పెట్టొద్దు, కావాలంటే జిరాక్స్, నగదు డిపాజిట్ ఇవ్వండి. పాస్‌పోర్టు పోతే పోలీసు రిపోర్టు, బ్యాంకాక్‌లోని మన ఎంబసీ, ఎమర్జెన్సీ సర్టిఫికెట్, ఇలా మిగిలిన సెలవంతా దానికే పోతుంది.

స్కూటర్‌కు మన ఆర్టీఓ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ కావాలి. ఫీజు వెయ్యి రూపాయలు, ఏడాది చెల్లుతుంది. మీ లైసెన్సులో టూవీలర్ లేకుండా కారు ఒక్కటే ఉంటే పర్మిట్ కూడా కారుకే. పర్మిట్ లేకుండా, లేదా తాగి పడితే ట్రావెల్ ఇన్సూరెన్స్ చెల్లించదు, పాలసీ కాగితంలో మినహాయింపుల కింద అది రాసే ఉంటుంది. కాలు విరిగి ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ అంటే బిల్లు లక్షల్లో, అదీ ముందే కడితేనే.

గంజాయి దుకాణాలు కనబడతాయి. 2022 జూన్‌లో మత్తుమందుల జాబితా నుంచి తీశారు, 2025 జూన్‌లో డాక్టర్ చీటీ ఉంటేనే అని మళ్లీ బిగించారు. అక్కడ ఎట్లున్నా, ఒక్క గంజాయి చాక్లెట్ జేబులో మరిచిపోయి ఇక్కడ దిగితే మత్తుమందులపై మన ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది. ఎవరి పెట్టె వాళ్లే సర్దుకోవాలి, 'మా వాడికి ఇవ్వు' అన్న పొట్లం ఎవరిదైనా తీసుకోకూడదు. ఈ-సిగరెట్లు థాయ్‌లాండ్‌లో నిషేధం, పెట్టుకుని పోకండి. మందు సీల్ ఉన్న సీసాలోదే తాగండి. 2024 నవంబర్‌లో పక్క దేశం లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌లో మిథనాల్ కలిసిన మందు తాగి ఆరుగురు విదేశీ పర్యాటకులు చనిపోయారు. బకెట్‌లో కలిపిచ్చేదానిలో ఏముందో ఎవడికి తెలుసు?

నాలుగు రాత్రుల ప్రయాణంలో రోజుకు ఒక్క పని పెట్టుకోవాలి. పొద్దున దీవి, మధ్యాహ్నం ఏనుగులు, రాత్రి క్లబ్బు అని రాసుకున్న పట్టిక రెండో రోజు పొద్దునకే పోతుంది. ఎనిమిది మంది స్నానాలు చేసి కిందికి దిగడానికే గంటన్నర. దీవి పడవను తిరుగు ప్రయాణం ముందు రోజుకు పెట్టకూడదు, మొదటి రోజుల్లో పెడితే వానకు రద్దయినా జరుపుకునే వీలుంటుంది.

ఇంత తలనొప్పి ఎందుకు, గండికోటలో గుడారాలు వేసుకుంటే పోలేదా అనేవాళ్లు ఉన్నారు. పోతే బాగానే ఉంటుంది. పాస్‌పోర్టు లేనివాడు, సెలవు దొరకనివాడు, డబ్బు సర్దుబాటు కానివాడు గ్రూపులో ముగ్గురుంటే నా ఓటు గండికోటకే. ఫుకెట్‌ను తలా లక్ష అప్పు చేసి చూడాల్సిన పనిలేదు.

తిరిగొచ్చేటప్పుడు మనిషికి రెండు లీటర్ల దాకా మందు కస్టమ్స్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. కానీ శంషాబాద్ నుంచి వస్తే పంచలింగాల, బెంగళూరు నుంచి వస్తే కొడికొండ చెక్‌పోస్టు ఉన్నాయి. ఎనిమిది మంది సీసాలన్నీ ఒకే డిక్కీలో, ఒకే సంచిలో వేస్తే అది వ్యాపారంలా కనబడుతుంది. ఎవరివి వారి సంచిలో, డ్యూటీఫ్రీ బిల్లుతో, సీల్ తీయకుండా ఉంచండి. హోటల్ డిపాజిట్ కార్డు మీద పట్టుకుని ఉంటే వెనక్కి రావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, అది వచ్చేదాకా లెక్క మూయొద్దు. వచ్చాక ఎవరెవరికి ఎంత అన్నది గ్రూపులో పెట్టి, పెళ్లికి వారం ముందే తేల్చేయండి. మిగిలిన బాకీని చదివింపుల్లో సర్దుకుంటానని ఎవడైనా అంటే ఒప్పుకోవద్దు. చదివింపులు రాసేది పెళ్లికొడుకు మేనమామ, ఆ పుస్తకంలో ఫుకెట్ పద్దు ఎక్కడ రాయాలో ఆయనకు తెలియదు.